ముందు పణం చెప్పండి, తర్వాత పాచిక వేయించండి

ప్రశ్న: నమస్కారం. కాలేజీ స్నేహితులం ఐదుగురం ఆదివారాలు కలిసి డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం, ఒకరు కథ నడిపిస్తే మిగతావాళ్లు తలా ఒక పాత్రగా ఆడే ఆట. 5వ ఎడిషన్, 2014 నాటి పుస్తకాలు. ఇన్నాళ్లూ ఆట నడిపిన మిత్రుడు ఇక నడపలేనన్నాడు, తానూ ఆటగాళ్లలో చేరిపోయాడు. దాంతో గేమ్ మాస్టర్ బాధ్యత నా మీద పడింది. కథ చెప్పడం, పోరాటాలు నడపడం ఫర్వాలేదు. స్కిల్ చెక్‌లు, అంటే పాత్ర తలపెట్టిన పని అవుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక వేసి తేల్చడం, వచ్చేసరికి మాత్రం చేతులెత్తేస్తున్నాను. మొన్న రేవులో సుంకం అధికారి గదిలో దాచిన ఉత్తరం వెతకాలి. ఇన్వెస్టిగేషన్ (వెతికి కనిపెట్టే నైపుణ్యం) రోల్ అడిగాను, అంటే పాచిక వేయమన్నాను. ఒకరి తర్వాత ఒకరు నలుగురూ వేశారు, నలుగురికీ తక్కువే పడింది. ఆ ఉత్తరం దొరక్కపోతే కథ ముందుకు కదలదు. చివరికి "ఇంకోసారి వెతకండి" అని నేనే బతిమాలాల్సి వచ్చింది. అంతకుముందు వారం తాళాలు తీయడంలో ఆరితేరిన మా రోగ్ (దొంగ తరహా పాత్ర) ఒక మామూలు తాళం తీయలేకపోయాడు. అందరూ నవ్వారు, ఆ పాత్ర ఆడే అబ్బాయి మొహం మాడ్చుకున్నాడు. ఇంకొకతనేమో "నాకు 20 పడింది కాబట్టి రాజు నాకు సింహాసనం ఇచ్చి తీరాలి" అంటూ వాదనకు దిగాడు. రోల్ ఎప్పుడు అడగాలి? డీసీ, అంటే గెలవడానికి అందుకోవాల్సిన అంకె, ఎంత పెట్టాలి? ఓడిపోతే ఏం చెప్పాలి? గేమ్ మాస్టర్ తన పాచికలు ఆటగాళ్లకు కనిపించకుండా ముందు నిలబెట్టుకునే తెర ఒకటి కొంటే ఈ ఇబ్బంది తగ్గుతుందా?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ ఉత్తరంలో మూడు తగాదాలున్నాయి. మూడింటికీ మూలం ఒకటే. పాచిక చేయి దాటే సమయానికి, అది పడ్డాక ఏం జరుగుతుందో బల్ల చుట్టూ ఎవరికీ తెలియదు. మీకూ తెలియదు.

సభాపర్వం గుర్తు చేసుకోండి. ధర్మరాజు ఆడకూడని ఆట ఆడాడు, ఆ సంగతి పక్కన పెడదాం. కానీ ప్రతి పందేనికీ ముందు తాను ఒడ్డుతున్నదేమిటో పేరు పెట్టి చెప్పాడు: మణులు, రథం, గుర్రాలు, చివరికి తమ్ముళ్లు, తాను, ద్రౌపది. ఓడితే ఏం పోతుందో సభలో ప్రతి ఒక్కరికీ తెలుసు. అందుకే ఆ పాచిక కదిలినప్పుడల్లా వినేవాళ్ల గుండె జారుతుంది. మీ బల్ల మీద పాచిక ఉంది, పణం లేదు. స్కిల్ చెక్ అడిగే ముందు మీలో మీరు ఒక వాక్యం పూర్తి చేసి చూసుకోండి: "ఇతను ఓడిపోతే..." ఆ తర్వాతి మాట వెంటనే తోస్తే రోల్ అడగండి. "ఏమీ జరగదు" అనో, "కథ ఆగిపోతుంది" అనో తోస్తే అడగవద్దు. ఆ పని అయిపోయిందని చెప్పి ముందుకు సాగండి.

ఇక రేవు గదికి వెళ్దాం. ఉత్తరం దొరికి తీరాలని మీకు ముందే తెలుసు. దొరికి తీరాల్సిన వస్తువును పాచిక చేతికి ఎందుకు అప్పగించారు? ఒక ఆటగాడు "సొరుగులన్నీ బయటికి లాగి చూస్తాను" అన్నాడనుకోండి. "అన్నిటికన్నా కింది సొరుగు మిగతావాటికంటే జానెడు పొట్టిగా ఉంది. ఆ ఖాళీలో చెయ్యి పెడితే లక్కముద్ర వేసిన కాగితం వేళ్లకు తగిలింది" అని చెప్పేయండి. అతను తెలివిగా వెతికాడు, ఫలితం దక్కింది. అపరాధ పరిశోధన ఆటల కోసం రాబిన్ లాస్ రూపొందించిన గమ్‌షూ పద్ధతికి పునాదే ఇది. తగిన నైపుణ్యం ఉన్నవాడు తగిన చోట వెతికితే ముఖ్యమైన ఆధారం దొరుకుతుంది, పాచిక ప్రసక్తే లేదు. దొరికిన ఆధారాల నుంచి ఏం తేల్చుకుంటారన్నదే అక్కడ అసలు ఆట. మీరు ఆడేది వేరే ఆటే అయినా ఈ ఒక్క సూత్రాన్ని నిస్సంకోచంగా అరువు తెచ్చుకోండి.

అయితే ఆ గదిలో పాచికకు పని లేదనుకోవద్దు. నిజంగా ఎటు తేలుతుందో తెలియని ప్రశ్న ఒకటి అక్కడ ఉంది, మీరు దాన్ని వదిలేశారు. కావలివాడు తిరిగి వచ్చేలోపు వీళ్ల పని అవుతుందా? అప్పుడు ఆటగాడితో ఇలా అనవచ్చు:

"ఉత్తరం ఈ గదిలోనే ఉంది, వెతికితే దొరుకుతుంది. కానీ మెట్ల మీద కావలివాడి అడుగుల చప్పుడు వినిపిస్తోంది. ఇన్వెస్టిగేషన్ వెయ్యి, డీసీ 15. గెలిస్తే అతను తలుపు తీసేసరికి మీరు కిటికీ దూకేసి ఉంటారు. ఓడితే ఉత్తరం నీ చేతిలో ఉండగానే తలుపు తెరుచుకుంటుంది."

ఇప్పుడు 4 పడినా కథ ఆగదు. కావలివాడిని ఏం చేయాలో తెలియక నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. ఇంకో లాభం కూడా ఉంది. పణం ముందే విన్నాడు కాబట్టి ఆటగాడు మనసు మార్చుకోవచ్చు. "వద్దులే, ముందు తలుపుకు గడియ పెట్టి వస్తాను" అనవచ్చు. అది మంచి ఆట.

మీ రోగ్ విషయానికి వస్తే ఆ అబ్బాయి మొహం మాడ్చుకోవడంలో తప్పు లేదు. కాస్త లెక్క చూద్దాం. పాచిక మీద పడ్డదానికి పాత్ర సామర్థ్యాన్ని బట్టి ఒక అంకె కలుపుతారు. మొదటి లెవెల్లో డెక్స్టెరిటీ (చురుకుదనం) 16 ఉంటే +3. ప్రొఫిషియెన్సీ (ఆ పనిలో శిక్షణ) +2. తాళాల పనిముట్ల మీద ఎక్స్‌పర్టీజ్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే ఆ 2 రెట్టింపై 4 అవుతుంది, మొత్తం +7. పుస్తకంలో మామూలు తాళానికి డీసీ 15. అంటే పాచిక మీద 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడాలి. ఆ అవకాశం 65 శాతం. ఇంత ఆరితేరినవాడు కూడా ప్రతి మూడు తాళాల్లో ఒకదాని ముందు తెల్లమొహం వేస్తాడన్నమాట. ఇరవై ముఖాల పాచిక తీరే అంత. 1 పడటానికీ, 11 పడటానికీ, 20 పడటానికీ అవకాశం సమానమే, ఒక్కోదానికి 5 శాతం. రెండు మూడు పాచికలు కలిపి వేసే ఆటల్లో మధ్య అంకెలు తరచుగా పడి నిపుణుడి పరువు కాపాడతాయి. ఇక్కడ ఆ పరువు కాపాడాల్సింది మీరే.

ఒకటి, అనవసరంగా రోల్ అడగకపోవడం. ఎవరూ తరమడం లేదు, తాళం ముందు అతను తీరిగ్గా కూర్చోగలడు అనుకుంటే, మామూలుగా పట్టే సమయానికి పది రెట్లు వెచ్చిస్తే పని అయిపోయినట్టే లెక్కించమని 2014 మాస్టర్ గైడ్ (ఆట నడిపేవారి కోసం వచ్చిన పుస్తకం) చెబుతోంది. అసాధ్యమైన పని మాత్రం ఎంత సమయం పెట్టినా అసాధ్యమే. 2000లో వచ్చిన 3వ ఎడిషన్‌లోనూ ఇలాంటిదే ఉండేది, ఇరవై రెట్ల సమయం తీసుకుని 20 పడినట్టే రాసుకోవడం. నియమాలు రాసినవాళ్లకు కూడా ప్రతి తాళం ముందూ ఉత్కంఠ అక్కర్లేదని తెలుసు.

రెండోది మరీ ముఖ్యం. ఓటమిని మీరు వర్ణించే తీరు. "నీ చెయ్యి జారింది, కడ్డీ విరిగింది" అంటే అందరూ నవ్వుతారు, ఎందుకంటే మీరు ఆ పాత్రను చేతకానివాణ్ని చేశారు. పాచిక చెప్పింది పని కాలేదని మాత్రమే. ఎందుకు కాలేదో చెప్పేది మీరు. "ఇది ఈ ఊళ్లో చేసిన తాళం కాదు. లోపల రెండో మీట ఉందని నీకు స్పర్శకే తెలిసిపోయింది. ఇంకెవరైనా అయితే దాన్ని కదిపి గంట మోగించేసేవారు. తీయగలవు, కానీ కావలివాడు ఈ లోపు ఒక చుట్టు తిరిగి వస్తాడు. ఉంటావా, వెళ్తావా?" ఇది కూడా ఓటమే. కానీ ఆ అబ్బాయి కుర్చీలో ముందుకు జరుగుతాడు. కారణం లోకంలో పెట్టండి, పాత్ర చేతగానితనంలో పెట్టవద్దు. తాగుబోతు వేషం వేసుకుని తానే నవ్వులపాలు కావాలని కోరుకునే ఆటగాళ్లు కొందరుంటారు, వాళ్లను వాళ్ల సరదాకు వదిలేయండి.

ఒకటి రెండు తేడాతో ఓడినప్పుడు మరో దారి ఉంది. అదే మాస్టర్ గైడ్‌లో ఐచ్ఛిక నియమంగా ఉంది: డీసీకి 1 గానీ 2 గానీ తక్కువ పడితే పని జరుగుతుంది, కానీ దానికి ఏదో మూల్యం చెల్లించాలి. తాళం తెరుచుకుంటుంది, పనిముట్టు అందులోనే ఇరుక్కుపోతుంది. కొత్త మాస్టర్లు దీన్ని ఐచ్ఛికమని దాటేస్తారు. నా మాట విని మొదటి రోజు నుంచే వాడండి.

ఇక నలుగురూ వరసగా వేయడం. ఇదే మీ బల్లకు పట్టిన అసలు చీడ. నలుగురికీ కలిపే అంకె ఏమీ లేదనుకుందాం, డీసీ 15. ఒక్కొక్కరికి 30 శాతం అవకాశం. కానీ నలుగురిలో ఎవరో ఒకరు నెగ్గే అవకాశం 76 శాతం. ఒక్కడికి అంత తేలిక కాదనుకుని పెట్టిన పని గుంపు చేతిలో పడగానే సులువైపోయింది. అలాగని నలుగురూ ఓడిపోవడం వింతేమీ కాదు, మిగతా 24 శాతం అదే. మొన్న మీకు తగిలింది ఆ 24.

చప్పుడు చేయకుండా దాటిపోవాల్సి వచ్చినప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. స్టెల్త్‌లో (నక్కి వెళ్లే నైపుణ్యం) ఒక్కొక్కరికి 55 శాతం అవకాశం ఉన్నా, నలుగురూ నెగ్గి తీరాలంటే మిగిలేది 9 శాతం. నలుగురి చేత విడివిడిగా స్టెల్త్ వేయించి, ఒక్కరు ఓడినా అందరూ దొరికిపోయారని చెప్పే మాస్టరు, వాళ్లు దొరికిపోవాలని ముందే నిర్ణయించుకున్నట్టే. ఇలాంటి చోట గ్రూప్ చెక్ ఉంది. అందరూ వేస్తారు, కనీసం సగం మంది నెగ్గితే గుంపు మొత్తం నెగ్గినట్టు. అదే 55 శాతంతో ఇప్పుడు అవకాశం 76కు చేరుతుంది. ఇనుప కవచంతో గలగలమంటూ నడిచే ఫైటర్‌ను పక్కవాడు భుజం పట్టుకుని నడిపించాడని మీరు చెప్పుకోవచ్చు.

వెతకడం, తాళం తీయడం, పాత లిపి చదవడం లాంటి పనుల్లో ఒకరు చేస్తారు, ఇంకొకరు సాయపడతారు. సాయం ఉంటే అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం. 55 శాతం ఉన్నవాడికి అది దాదాపు 80 అవుతుంది. చాలా పెద్ద సాయం కాబట్టి ఊరికే ఇవ్వవద్దు. ఒంటరిగా ఆ పని చేయగలిగినవాడే సాయపడగలడని నియమం. తాళాల పనిముట్లలో ప్రొఫిషియెన్సీ లేని విజార్డ్ (మంత్రగాడు) పక్కన నిలబడి "నేనూ సాయం చేస్తున్నా" అంటే కుదరదు. దీపం పట్టుకోమనండి. అలాగే సాయం ఎలా చేస్తున్నాడో ఒక్క మాటలో చెప్పించండి.

మొదటివాడు ఓడగానే రెండోవాడు పాచిక అందుకుంటూ "నేనూ వేస్తాను" అన్నప్పుడు ఆపండి. ఆ రోల్ గుంపు మొత్తం ప్రయత్నానికి లెక్క. మళ్లీ వేయాలంటే పరిస్థితిలో ఏదో మారాలి, కొత్త పనిముట్టో, కొత్త పద్ధతో, కొత్త సమాచారమో. కాల్ ఆఫ్ క్తుల్హు అనే మరో ఆట 7వ ఎడిషన్‌లో దీనికి చక్కటి ఏర్పాటు ఉంది. ఓడిన రోల్‌ను ఆటగాడు మరోసారి వేయవచ్చు, కానీ ఈసారి భిన్నంగా ఏం చేస్తున్నాడో చెప్పాలి, రెండోసారీ ఓడితే ఫలితం మొదటిదానికన్నా దారుణంగా ఉంటుంది. భయం ఆ ఆటకు ప్రాణం కాబట్టి అక్కడ బాగా అతికింది. మీ బల్ల మీద కూడా పనిచేస్తుంది, తలుపు అవతల ఏముందో ఆటగాళ్లకు తెలియనప్పుడు ముఖ్యంగా.

డీసీ గురించి చాలా బెంగ పెట్టుకున్నట్టున్నారు, అంత అక్కర్లేదు. పట్టికలో 5 నుంచి 30 వరకు ఆరు మెట్లున్నాయి, 5 అతి సులువు, 30 దాదాపు అసాధ్యం. 10, 15, 20 ఈ మూడే వాడినా ఆట బ్రహ్మాండంగా నడుస్తుందని మాస్టర్ గైడే భరోసా ఇస్తోంది. సులువు, మధ్యస్థం, కష్టం, అంతే. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. డీసీ తాళానికి పెట్టండి, తాళం తీసేవాడికి పెట్టవద్దు. మీ రోగ్ రేపు +11కు ఎదిగితే ఊళ్లోని తాళాలన్నీ రాత్రికి రాత్రే గట్టిపడిపోకూడదు. కష్టపడి పెంచుకున్న నైపుణ్యం పాత తాళాల మీద చెల్లాలి, లేకపోతే అతను లెవెల్ పెంచుకుని ఏం లాభం? ఇంకో మాట, డీసీని పైకి చెప్పేయండి. దాచి ఉంచితే ఉత్కంఠ పెరుగుతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. అంకె తెలిసినప్పుడే పాచిక దొర్లుతున్నంతసేపూ అందరి కళ్లూ దాని మీద ఉంటాయి. పైగా పడ్డాక దాన్ని అటూ ఇటూ జరపాలన్న దురద మీకు కలగదు. ఫలితం మార్చాలనిపించే చోట అసలు రోల్ అడిగి ఉండకూడదు.

సింహాసనం అడిగిన మిత్రుడికి నియమమూ చూపించవచ్చు, న్యాయమూ చూపించవచ్చు. నియమం ప్రకారం 20 పడితే తిరుగులేని గెలుపు అన్నది దాడి చేసే రోల్‌కే, స్కిల్ చెక్‌కు వర్తించదు. 2022 ఆగస్టులో ప్రయోగాత్మకంగా విడుదల చేసిన నియమాల్లో దీన్ని అన్ని రోల్స్‌కూ విస్తరించి చూశారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు. 2024 పుస్తకాల్లోనూ అది లేదు. ఇక న్యాయం అంటారా, పర్సుయేషన్, అంటే మాటలతో ఒప్పించే నైపుణ్యం, మంత్రం కాదు. మాస్టర్ గైడ్‌లో సంభాషణలకు ఒక పట్టిక ఉంది. ఎదుటివాడు శత్రుభావంతో ఉంటే, డీసీ 20 దాటినా అతను చేసేది తనకు ముప్పూ, త్యాగమూ లేని పని మాత్రమే. స్నేహితుడైతే అదే 20కి పెద్ద ప్రమాదానికైనా సిద్ధపడతాడు. కాబట్టి రాజు సింహాసనం ఇవ్వడు. కానీ 20 పడ్డ చోట ఏమీ ఇవ్వకుండా పంపవద్దు. రాజు పగలబడి నవ్వి, "ఇంత తెగువ ఉన్నవాడు నా కొలువులో ఒక్కడూ లేడు" అని రాత్రి విందుకు పిలవవచ్చు. అదీ కాకపోతే తల తీయించాల్సిన మాటకు చెరసాలతో సరిపెట్టవచ్చు. దీన్ని కూడా ముందే చెప్పండి: "సింహాసనం ఎలాగూ రాదు. బాగా పడితే మెచ్చుకుంటాడు, చెడ్డగా పడితే భటులను పిలుస్తాడు. అయినా అడుగుతావా?"

ఆటగాళ్లు "నేను పర్సెప్షన్ వేస్తాను", "ఇంటిమిడేషన్ వేయనా?" అని నైపుణ్యాల పేర్లతో (మొదటిది గమనించడం, రెండోది బెదిరించడం) మాట్లాడటం మొదలుపెడితే, మర్యాదగానే, "పాత్ర ఏం చేస్తోంది?" అని అడగండి. ప్రతిసారీ అడగండి, విసుగొచ్చినా సరే. చేసే పని తెలిస్తే ఏ సామర్థ్యం వర్తిస్తుందో మీకే తోస్తుంది. బార్బేరియన్ (మొరటు యోధుడు) బల్లను రెండు ముక్కలుగా విరిచి బెదిరిస్తే దానికి కరిష్మా (వ్యక్తిత్వ ఆకర్షణ) ఎందుకు? ఇంటిమిడేషన్‌కు స్ట్రెంగ్త్ (బలం) కలపమనండి. ఇలా మార్చుకోవచ్చని ఆటగాళ్ల పుస్తకంలోనే ఉంది.

ఒక చిక్కు మిగిలింది, మీరు అడగలేదు గానీ త్వరలోనే ఎదురవుతుంది. చుట్టూ గమనిస్తూ నడిచే ఆటగాడికి పర్సెప్షన్ వేయిస్తే 3 పడుతుంది. అతనికి ఏమీ కనిపించలేదని మీరంటారు. 3 పడిందని అందరికీ తెలుసు కాబట్టి అక్కడేదో ఉందని అందరూ పసిగట్టేస్తారు. ఇందుకే పాసివ్ స్కోరు ఉంది, 10కి అతని అంకె కలిపితే చాలు. నలుగురి పాసివ్ పర్సెప్షన్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. పొంచి ఉన్నవాడు స్టెల్త్ వేస్తాడు, అది ఎవరి స్కోరును దాటలేదో వాళ్లకు కనిపిస్తాడు. ఆటగాళ్ల చేతిలో పాచిక కదలనే కదలదు. ఇన్‌సైట్‌లో (ఎదుటివాడి మనసు పసిగట్టే నైపుణ్యం) ఓడినవాడికి "అతను నిజమే చెబుతున్నాడు" అని మాత్రం ఎన్నడూ చెప్పవద్దు. "అతని మొహంలో నీకేమీ దొరకలేదు" అనండి. మీ నోటి మాట ఒకసారి అబద్ధమైతే తర్వాత దేన్నీ నమ్మరు.

వాదన వస్తే అప్పటికప్పుడు ఒక తీర్పు చెప్పి ఆట నడిపించండి, పుస్తకం తర్వాత తిరగేయవచ్చు. మీ తీర్పు తప్పని తేలితే వచ్చే ఆదివారం నుంచి సరిగ్గా ఆడతామని చెప్పండి, జరిగిన కథను వెనక్కి తిప్పవద్దు.

తెర కొనాలా అన్నారు. ఇప్పుడే వద్దు. దాని లోపలి వైపు ముద్రించిన పట్టికలు పనికొస్తాయి, కానీ మీ ఇబ్బంది పట్టికలు లేకపోవడం వల్ల వచ్చింది కాదు. పైగా తెర వెనక పాచిక వేయడం అలవాటైతే ఫలితాలు సర్దాలన్న కోరిక తప్పక పుడుతుంది. 5వ ఎడిషన్ మూల నియమాలు, ఎస్ఆర్‌డీ 5.1 పేరుతో, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉచితంగా దొరుకుతున్నాయి. అందులో ఎబిలిటీ స్కోర్ల అధ్యాయం ఒక్కటి ప్రింటు తీసుకుని, పక్కన 10, 15, 20 అని పెద్దగా రాసుకోండి. తెర డబ్బుతో మీ రోగ్‌కు ఒక మంచి పాచిక కొనిపెట్టవచ్చు.